ఒకే కోడ్ రెండు చోట్ల కావాలంటే కామన్ ఫోల్డర్‌లో పెట్టాలా, కాపీ చేసుకోవాలా?

మాడ్యూల్‌గూడు:

మా టీమ్‌లో రెండు వారాలుగా తెగని పంచాయితీ ఇది, బయటివాళ్ల మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా. ఆరుగురం ఒకే వెబ్ ప్రాజెక్టు మీద ఉన్నాం. మొదట్లో కాంపొనెంట్స్, హుక్స్, సర్వీసెస్, యుటిల్స్ అని ఫైలు రకాన్ని బట్టి ఫోల్డర్లు చేసుకున్నాం. తర్వాత ఏది ఎక్కడ పెట్టాలో తోచకపోయినా, రెండు పేజీల్లో ఒకే ముక్క కనిపించినా, తీసుకెళ్లి కామన్ అనే ఫోల్డర్‌లో పడేస్తూ వచ్చాం. ఇప్పుడు అందులో 180 ఫైళ్లున్నాయి. వాటిలో సగం ఎవరు వాడుతున్నారో చెప్పగలిగే మనిషి టీమ్‌లో లేడు.

గొడవ మొదలైంది తేదీ చూపించే ఫంక్షన్ దగ్గర. మొదట దానికి ఒకటే ఆర్గ్యుమెంట్ (మనం ఇచ్చే విలువ), తేదీ. రిపోర్టు పేజీకి పొట్టి తేదీ కావాలన్నారు, ఒక ట్రూ ఆర్ ఫాల్స్ వచ్చి చేరింది. ఇంకో పేజీకి టైమ్ కూడా కావాలన్నారు, ఇంకోటి చేరింది. ఇప్పుడు ఆరు ఆర్గ్యుమెంట్లు. పిలిచే చోట చూస్తే ట్రూ, ఫాల్స్, ఫాల్స్, ట్రూ అని వరసగా ఉంటాయి, ఏది దేనికో ఫైలు తెరిస్తే తప్ప తెలియదు. తేదీ లేకపోతే అది చిన్న గీత ఇచ్చేది. ఫారం రాస్తున్నవాళ్లకి గీత అక్కర్లేదు కాబట్టి ఖాళీ స్ట్రింగ్ వచ్చేలా మార్చారు. ఫారం బాగానే ఉంది. కానీ అదే ఫంక్షన్‌ని మా సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ (డేటాని వరసలుగా ఫైల్లో రాసి వేరే సిస్టమ్‌కి పంపేది) కూడా వాడుతోంది, ఆ ఫైలు చదివే అవతలి సిస్టమ్‌కి గీత అంటే తేదీ లేదని అర్థం, ఖాళీ అంటే తప్పు వరస. మూడు రోజుల పాటు ఆ వరసలన్నీ తిరస్కరిస్తూ పోయింది, మాకు తెలియనే లేదు.

అప్పట్నుంచి టీమ్‌లో సగం మంది కామన్ ఫోల్డర్ ఎత్తేసి ఏ ఫీచర్ కోడ్ ఆ ఫీచర్ ఫోల్డర్‌లోనే కాపీ పెట్టుకుందాం అంటున్నారు. మిగతా సగం అది బద్ధకం అంటున్నారు. నేను కాపీ వైపు. తప్పయితే చెప్పండి.

పాతకాపు:

తప్పే. మీకు జరిగింది టెస్టులు లేక జరిగిన నష్టం, దానికి కాపీ మందు కాదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

నేను చూసిన ప్రాజెక్టు ఒకదాంట్లో యూజర్ టైప్ చేసింది పేజీలో చూపించే ముందు హెచ్‌టీఎంఎల్ గుర్తుల్ని మార్చే చిన్న ఫంక్షన్ ఉండేది, పట్టుమని పది లైన్లు లేవు. నాలుగు ఫీచర్లలో నాలుగు కాపీలు. అన్నీ యాంపర్‌శాండ్‌ని, రెండు యాంగిల్ బ్రాకెట్లని మార్చేవి, కోట్ గుర్తుల్ని మాత్రం వదిలేసేవి. ట్యాగుల మధ్యలో రాసినంతసేపు సమస్య రాలేదు. ఒక పేజీలో అదే టెక్స్ట్‌ని ట్యాగ్ లోపల ఆట్రిబ్యూట్ విలువగా పెట్టారు, అక్కడ కోట్ గుర్తు ఒకటి పడితే చాలు, ఆట్రిబ్యూట్ అక్కడితో ముగిసిపోయి మిగతాదంతా కొత్త ఆట్రిబ్యూట్‌గా బ్రౌజర్ చదువుకుంటుంది, అంటే ఎవరైనా స్క్రిప్ట్ ఎక్కించొచ్చు. దొరికిన రోజే మూడు కాపీలు సరిచేశారు. నాలుగోదానికి పేరు వేరేగా ఉంది, వెతికితే రాలేదు. ఐదు నెలలు తెరిచిన తలుపులా అలాగే ఉండిపోయింది.

సెక్యూరిటీ ముక్క ఒక్క చోటే ఉండాలి. ఇందులో బేరం లేదు.

సెమికోలన్:

పాతకాపు గారూ, మీ ఉదాహరణ నూటికి నూరుపాళ్లు నిజం, కానీ దాంతో ఆయన ఉదాహరణకి జవాబు రాలేదు. మీ ఫంక్షన్ నాలుగు చోట్లా ఒకే కారణానికి మారుతుంది, హెచ్‌టీఎంఎల్ నియమం ఒకటే కాబట్టి. ఆయన తేదీ ఫంక్షన్ ఒక్కో చోట ఒక్కో కారణానికి మారుతోంది. ఫారం రూపం మారితే ఒకటి, అవతలి సిస్టమ్ ఒప్పందం మారితే ఇంకోటి. ఈ రెండూ పైకి ఒకేలా కనిపించడం యాదృచ్ఛికం.

డ్రై (డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్, అంటే చెప్పిందే మళ్లీ చెప్పొద్దు) సూత్రం చెప్పి కాపీ చేసినవాళ్లని తిడుతుంటారు కదా, 1999లో ఆ సూత్రం చెప్పినవాళ్లు మాట్లాడింది తెలిసిన విషయం గురించి, ఒక నియమం సిస్టమ్‌లో ఒక్క చోటే ఉండాలని. రెండు చోట్ల అక్షరాలు ఒకేలా ఉంటే కలిపేయమని కాదు. అంతకన్నా చాలా ముందే, 1972లో, డేవిడ్ పార్నస్ ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసే పద్ధతి మీద ఒక పేపర్ రాశారు. పని జరిగే క్రమాన్ని బట్టి విడగొట్టకండి, ముందుముందు మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచండి అన్నది దాని సారాంశం. ఫోల్డర్ల గురించి నాకు ఇప్పటికీ పనికొచ్చే సలహా అదే.

చిన్న ఉదాహరణ. యూజర్ పేరు 30 అక్షరాలు దాటకూడదు, ఆల్బమ్ పేరు 30 అక్షరాలు దాటకూడదు. రెండు చెక్‌లూ అచ్చం ఒకటే లైను. కలిపేశారనుకోండి, రేపు ఆల్బమ్ పేరు 60 అయిన రోజు యూజర్ పేరూ 60 అయిపోతుంది, డేటాబేస్ కాలమ్ మాత్రం 30 దగ్గరే ఉంటుంది.

పాతకాపు:

ఇది ఒప్పుకుంటా. కానీ ఏది ఒకే కారణానికి మారుతుందో రాసే రోజు ఎవరికి తెలుస్తుందండీ? అనుభవం ఉన్నవాళ్లకి తెలుస్తుందేమో, నిన్న చేరిన అబ్బాయికి తెలియదు. కాపీకి లైసెన్స్ ఇస్తే వాడు అన్నీ కాపీ చేస్తాడు, ఎవరికి వారే యమునా తీరే.

సెమికోలన్:

తెలియదు, అందుకే రాసే రోజు తేల్చొద్దంటున్నా. మూడోసారి అవసరం వచ్చేదాకా కాపీగానే ఉండనివ్వండి. అప్పటికి మొదటి రెండూ ఎలా మారాయో గిట్ (కోడ్‌లో ఎప్పుడు ఏది మారిందో గుర్తుపెట్టుకునే టూల్) హిస్టరీలో కనిపిస్తుంది. రెండూ కలిసే మారుతూ వస్తే కలపండి, విడివిడిగా మారితే వదిలేయండి. ఊహ కన్నా అది గట్టి సాక్ష్యం. మీ సెక్యూరిటీ ఫంక్షన్ లాంటివి దీనికి మినహాయింపు, అవి మొదటి రోజే ఒక చోట ఉండాలి.

బ్రాంచికొమ్మ:

నేను ఇంకో వైపు నుంచి వస్తా. అసలు సమస్య కామన్ అనే పేరులోనే ఉంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. ఆ ఫోల్డర్‌కి ఓనర్ ఎవరు? ఎవరూ లేరు కాబట్టే ఆరో ఆర్గ్యుమెంట్ చేర్చిన రోజు ఎవరూ ఆపలేదు. గిట్‌హబ్‌లో కోడ్‌ఓనర్స్ అనే ఫైలు పెట్టుకోవచ్చు, ఏ ఫోల్డర్ మారితే ఎవరి రివ్యూ కావాలో అందులో రాస్తే ఆ మనిషికి రివ్యూ రిక్వెస్ట్ దానంతటదే వెళ్తుంది. ముందు అది పెట్టండి.

ఇంకోటి, కామన్, హెల్పర్స్, మిస్క్ లాంటి పేర్లు తీసేయండి. తేదీలకి తేదీల ఫోల్డర్, డబ్బు లెక్కలకి దాని ఫోల్డర్. పేరు పెట్టలేకపోతున్నారంటే ఆ ఫైలు చేసే పని ఒకటి కాదని అర్థం.

ఫీచర్ వారీగానా రకం వారీగానా అన్నదాని మీద మరీ కొట్టుకోవద్దు. రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పాత డాక్యుమెంటేషన్‌లో రెండు పద్ధతులూ చెప్పి, కొత్త ప్రాజెక్టు అయితే దీని మీద ఐదు నిమిషాలకి మించి ఖర్చు పెట్టొద్దని, ఫోల్డర్ లోపల ఫోల్డర్ మూడు నాలుగు మెట్లు దాటనివ్వొద్దని రాశారు. మీది ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టు కాబట్టి ఐదు నిమిషాల్లో తేలదు. నేను ఒకటే పరీక్ష పెట్టుకుంటా: ఒక ఫీచర్ వద్దనుకుంటే ఒక్క ఫోల్డర్ డిలీట్ చేస్తే పోవాలి. తీగ లాగితే డొంకంతా కదిలితే మన విభజన సరిగ్గా లేదు.

అర్ధరాత్రిబిల్డ్:

ఎవరూ ప్యాకేజీ మాట ఎత్తలేదేంటి? ఉమ్మడి కోడ్‌ని వేరే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచుకునే చోటు) ప్యాకేజీగా చేసి వెర్షన్ నంబర్ పెడితే, ఎవరికి కావాల్సిన వెర్షన్ వాళ్లు వాడుకుంటారు, గీత కావాల్సినవాళ్లు పాత దాంట్లో ఉంటారు, సమస్యే లేదు.

పాతకాపు:

ఆ దారిలో వెళ్లి వచ్చాం బ్రదర్. ప్యాకేజీకి వేరే రిపో (కోడ్, దాని హిస్టరీ ఉండే చోటు) పెట్టాం. ఒక అక్షరం తప్పు దిద్దాలంటే అక్కడ మార్చి, రివ్యూ చేయించి, పబ్లిష్ చేసి, మళ్లీ మూడు ప్రాజెక్టుల్లో వెర్షన్ పెంచి, మూడు చోట్లా రివ్యూ. మూడో నెలకే ఒక ప్రాజెక్టు నాలుగు వెర్షన్లు వెనకబడింది. అది కూడా కాపీయే, పేరే వేరు.

ఆరుగురికి అయితే వర్క్‌స్పేసెస్ చాలు, అంటే ఒకే రిపోలో చాలా ప్యాకేజీలు పెట్టుకునే పద్ధతి. ఎన్‌పీఎం లాంటిదే ఇంకో టూల్ యార్న్‌లో 2017 నుంచి ఉంది, ఎన్‌పీఎంలో 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఉంది. ఉమ్మడి కోడ్ మార్చి, దాన్ని వాడే చోట్లన్నీ అదే కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి భద్రపరిచే మార్పుల కట్ట) మార్చొచ్చు. గూగుల్ ఇంజినీర్లు 2016లో రాసిన పేపర్ ప్రకారం వాళ్ల కోడ్‌లో అత్యధిక భాగం, దాదాపు 200 కోట్ల లైన్లు, ఒకే రిపోలో ఉండేది. దానికి సొంత టూల్స్ కట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

చిన్న ప్యాకేజీల మీద నాకు భయం పుట్టింది 2016 మార్చిలో. లెఫ్ట్‌ప్యాడ్ అని స్ట్రింగ్ ఎడమవైపు ఖాళీలు నింపే 11 లైన్ల కోడ్. రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేశాడు, దాని మీద పరోక్షంగా ఆధారపడిన బేబెల్ లాంటి జావాస్క్రిప్ట్ టూల్స్‌తో సహా లెక్కలేనన్ని ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. తర్వాత ఎన్‌పీఎం వాళ్లు దాన్ని వెనక్కి తెచ్చి, ప్యాకేజీ తీసేసే నియమాలు మార్చారు. 11 లైన్లయితే నేను కళ్లు మూసుకుని కాపీ చేస్తా.

సెమికోలన్:

చూశారా, మీరూ కాపీ వైపు వచ్చారు.

పాతకాపు:

11 లైన్ల వరకు వచ్చా. అంతకు మించి కాదు.

కొత్తగాచేరా:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మేము ముగ్గురం స్టూడెంట్స్, ప్రాజెక్టుని జిప్ చేసి చాట్‌లో పంపుకుంటున్నాం. ఎవరి దగ్గర లేటెస్ట్ ఉందో తెలియక ఒకటే టెన్షన్. గిట్ నేర్చుకుంటున్నాం. ఫైళ్లన్నీ పెట్టేయొచ్చా?

బ్రాంచికొమ్మ:

అన్నీ వద్దు. డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పెట్టొద్దు, గిట్ దేన్ని వదిలేయాలో చెప్పే గిట్‌ఇగ్నోర్ ఫైల్లో దాని పేరు రాయండి. ప్యాకేజీ లాక్ ఫైలు మాత్రం తప్పకుండా పెట్టండి, ముగ్గురికీ ఒకే వెర్షన్లు రావాలంటే అదే దిక్కు. పాస్‌వర్డ్‌లు, కీలు ఉన్న ఎన్వ్ ఫైలు పొరపాటున కూడా వద్దు. ఒకసారి కమిట్ చేసి తర్వాత డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది. అలా జరిగితే ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టుకోండి. విండోస్, మ్యాక్ మామూలుగా పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా చూడవు, లినక్స్ చూస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిన ఇంపోర్ట్ సర్వర్ మీద ఫైలు దొరకలేదంటుంది, ఎందుకో తెలుసుకోవడానికి సాయంత్రం అంతా పోతుంది.

మాడ్యూల్‌గూడు:

అందరికీ థ్యాంక్స్. పాతకాపు గారు చెప్పిన సెక్యూరిటీ సంగతి చదివాక మా కామన్ ఫోల్డర్‌లో వెతికాను. హెచ్‌టీఎంఎల్ గుర్తులు మార్చే ఫంక్షన్ మాకూ రెండు ఉన్నాయి. ఒకటి కోట్ గుర్తుల్ని వదిలేస్తోంది. ఈరోజే సరిచేసి ఒక్కటి చేశాను.

తేదీ ఫంక్షన్ విడగొడుతుంటే ఇంకో విషయం బయటపడింది. సర్వర్ నుంచి "2024-03-10" లాంటి తేదీ వస్తుంది. జావాస్క్రిప్ట్ అలా తేదీ ఒక్కటే ఇస్తే యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి అనుకుంటుంది, టైమ్ కూడా జోడించి జోన్ చెప్పకపోతే లోకల్ టైమ్ అనుకుంటుంది. అందుకని యూటీసీకి వెనకున్న టైమ్‌జోన్‌లో కూర్చున్న యూజర్‌కి 9వ తేదీ కనిపిస్తోంది. ఒక పేజీలో దీన్ని ఎవరో సరిచేశారు, మిగతా చోట్ల అలాగే ఉంది. అంటే తేదీని చదవడం ఒకటే నియమం, అది ఒక్క చోటే ఉండాలి. చూపించడం మాత్రం ఏ పేజీకి ఆ పేజీ. రెండు వారాలుగా మేము ఈ రెంటినీ ఒకే ఫంక్షన్ అనుకుని కొట్టుకుంటున్నాం.

సెమికోలన్:

సరిగ్గా అదే. ఎక్స్‌పోర్ట్ కోసం రాసే తేదీ మాత్రం పేజీల దగ్గర కూడా పెట్టకండి, అది అవతలివాళ్లతో ఒప్పందం. ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌లోనే ఉంచి, తేదీ లేకపోతే గీత రావాలని ఒక టెస్ట్ రాయండి.

బ్రాంచికొమ్మ:

ఫైళ్లు కదిపేటప్పుడు ఒక జాగ్రత్త. కదపడం ఒక కమిట్, లోపల మార్చడం ఇంకో కమిట్. గిట్ పేరు మార్పుని ఎక్కడా రాసిపెట్టుకోదు, రెండు ఫైళ్లలో మామూలుగా కనీసం సగం పోలిక ఉంటే పేరు మారిందని ఊహిస్తుంది. కదిపి, అదే కమిట్‌లో చాలా భాగం తిరగరాస్తే పాత ఫైలు పోయింది, కొత్తది పుట్టింది అనుకుంటుంది. రేపు ఈ లైను ఎవరు ఎందుకు రాశారని చూస్తే అన్నిటికీ మీ పేరే వస్తుంది.

మాడ్యూల్‌గూడు:

ఇది తెలియదు, ఇప్పటికే రెండూ కలిపి ఒక కమిట్ చేశాను. ఇంకా పుష్ చేయలేదు (అందరి రిపోకి పంపలేదు) కాబట్టి వెనక్కి తీసుకుని రెండుగా చేస్తున్నా. కోడ్‌ఓనర్స్‌లో తేదీల ఫోల్డర్‌కి నా పేరు, ఎక్స్‌పోర్ట్‌కి సీఎస్‌వీ సంగతి పట్టుకున్న సహోద్యోగి పేరు రాశాం. మిగిలిన 170 చిల్లర ఫైళ్లకి ఓనర్ ఎవరని గ్రూప్‌లో అడిగితే ఇంతవరకు ఎవరూ పలకలేదు, సోమవారం మీటింగ్‌లో ఫైలు ఫైలుగా పంచుకుంటాం.