అప్‌డేట్: 'హ్యాండ్' ఇడియమ్స్ మా తమ్ముడికి వచ్చేశాయి

మా తమ్ముడికి ఇంటర్వ్యూ ఉంది, ఇంగ్లీష్ ఇడియమ్స్ ఎలా నేర్పాలని అడిగాను కదండీ. ఒక్క మాట పట్టుకుని దాని చుట్టూ ఉన్నవన్నీ నేర్పమన్నారు. 'హ్యాండ్'తో మొదలుపెట్టాం, బాగా పనిచేసింది.

'అవుట్ ఆఫ్ హ్యాండ్' వెంటనే ఎక్కింది. మనమూ పరిస్థితి చెయ్యి దాటిపోయిందనే అంటాం. చిక్కంతా 'గివ్ మీ ఎ హ్యాండ్' దగ్గరే. అక్కడ సాయం చెయ్యమని అర్థం, మన విజయవాడలో హ్యాండిచ్చాడంటే నమ్మించి ముంచాడని! అందుకే బీరువా జరపాలన్నా, బియ్యం బస్తా దించాలన్నా నన్ను ఆ మాటతోనే పిలవమన్నాను. ఇప్పుడు తడుముకోవడం లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల పుణ్యమా అని 'సెకండ్ హ్యాండ్' ముందే తెలుసు. 'ఫస్ట్ హ్యాండ్' అంటే స్వయంగా చూసి తెలుసుకోవడమని కొత్తగా నేర్చుకున్నాడు.

ఇంటర్వ్యూ వచ్చే సోమవారం. ఈలోగా 'హెడ్' కూడా పూర్తిచేస్తాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.