వేలి నొప్పికి ఏ ఐసీడీ కోడ్?

ప్రశ్న: అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగి చార్టు చూసి జబ్బుకు ఐసీడీ కోడ్ వేసే పని) నేర్చుకుంటున్నానండీ. అమెరికా అవుట్‌పేషెంట్ చార్టులో ‘కుడి ఉంగరపు వేలు నొప్పి, ట్రిగ్గర్ ఫింగర్ కావచ్చు’ అని ఉంది. ట్రిగ్గర్ ఫింగర్ (వేలు వంచితే పట్టేసే జబ్బు) కోడ్ ఎం65.341 వేయొచ్చా?

జవాబు 1: వద్దు. అవుట్‌పేషెంట్‌లో ‘కావచ్చు’, ‘అనుమానం’ అని రాసినవి కోడ్ చేయకూడదు. లక్షణమే తీసుకోండి: ఎం79.644. ఏ వేలన్నది ఈ కోడ్‌కు పట్టదు, కుడా ఎడమా అన్నదే ముఖ్యం. ఎడమైతే ఎం79.645. డాక్టర్ ట్రిగ్గర్ ఫింగర్ అని ఖాయం చేశాక ఎం65.341 ఒక్కటే చాలు. నొప్పి అందులో భాగమే, విడిగా వేయొద్దు.

జవాబు 2: నొప్పి కీలులోనే అని రాసుంటే ఎం25.541 చూడండి. దెబ్బ తగిలిందంటే దారే వేరు, గాయాలకు వాడే ఎస్ కోడ్లు, చికిత్స ఏ దశలో ఉందో చెప్పే ఏడో అక్షరంతో సహా.

ప్రశ్న: ఏ చెయ్యో రాయకపోతే?

జవాబు 1: ఏ చెయ్యో చెప్పని ఎం79.646 ఉంది కదాని పెట్టేయకండి. ఎగ్జామ్ నోట్స్‌లో వెతకండి, లేకపోతే డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇలాంటి చోట తిరిగి రావచ్చు.