14 అడుగుల గదిలో మేరీలాండ్ – పెన్సిల్వేనియా రైలు మార్గం నమూనా: ఏ భాగాన్ని తీసుకోవాలి?

ప్రశ్న (మార్కాపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా మేడ మీద 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది ఒకటి ఖాళీగా ఉంది. తలుపు ఒక పొట్టి గోడకు ఒక చివరన ఉన్నందువల్ల మిగిలిన మూడు గోడలూ పూర్తిగా వాడుకోవచ్చు. అందులో హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, అమెరికాలోని మేరీలాండ్ అండ్ పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు నమూనా కట్టాలని నా కోరిక. బాల్టిమోర్ నగరానికీ యార్క్ పట్టణానికీ మధ్య వాగుల వెంట మెలికలు తిరుగుతూ సుమారు 77 మైళ్ళు సాగిన ఈ చిన్న మార్గం 1901లో రెండు పాత కంపెనీలు కలవడంతో ఏర్పడింది. 1946లో మొదటి డీజిల్ ఇంజన్ వచ్చింది, 1954లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి, 1958లో మేరీలాండ్ వైపు మార్గాన్ని మూసివేశారు. అక్కడి అభిమానులు దీన్ని ‘మా అండ్ పా’ అంటారు.

అమెరికాలో అన్ని రైలు మార్గాలుండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం డెల్టా అనే ఊరు. పెన్సిల్వేనియా సరిహద్దులో ఉన్న ఆ ఊరిలోనూ, దాన్ని ఆనుకుని మేరీలాండ్ వైపున్న కార్డిఫ్‌లోనూ పలకరాతి గనులు ఉండేవి. వేల్స్ దేశం నుంచి వచ్చిన రాతిపనివారు అక్కడే స్థిరపడి, ఇంటి కప్పులకు వేసే నల్లని పలకలను తీసేవారు. మా నాన్నగారు ఇక్కడి పలకల కార్ఖానాలో లెక్కలు రాసేవారు కాబట్టి, పలకరాయిని మోసిన రైలు ఎక్కడ ఉన్నా అది నాకు దగ్గరదిగానే అనిపిస్తుంది. ఈ మార్గం మీది డెల్టా, మడీ క్రీక్ ఫోర్క్స్, రెడ్ లయన్, యార్క్, వీలైతే మేరీలాండ్ వైపున్న బెల్ ఎయిర్, టౌసన్ కూడా చూపాలని ఉంది. ఇది సాధ్యమా? వంపులు ఎంత వ్యాసార్ధంలో ఉండాలి? ఏ సంవత్సరాన్ని ఎంచుకోవాలి? మన వేసవిని, తుపాను రోజుల చెమ్మను ఇవన్నీ తట్టుకుంటాయా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (నెల్లూరు నుంచి)

ముందుగా మీ ఎంపిక చాలా బాగుంది. ఈ మార్గం స్టాండర్డ్ గేజ్‌లో (పట్టాల మధ్య 1,435 మిల్లీమీటర్లు) ఉంది కాబట్టి 16.5 మిల్లీమీటర్ల హెచ్‌ఓ పట్టాలు నేరుగా సరిపోతాయి. బండ్లు చిన్నవి, ఇంజన్లు చిన్నవి. చిన్న గదికి ఇంతకంటే అనువైన మార్గం దొరకడం కష్టం.

అయితే 77 మైళ్ళను 87తో భాగిస్తే 1,400 మీటర్లు దాటుతుంది. మీ మూడు గోడల వెంట వేయగలిగేది మహా అయితే 11 మీటర్లు, అంటే అసలు మార్గంలో ఒక కిలోమీటరు కూడా పూర్తిగా రాదు. కాబట్టి బాల్టిమోర్, టౌసన్, బెల్ ఎయిర్‌లను ఇప్పుడే పక్కన పెట్టండి. యార్క్ నుంచి డెల్టా వరకు ఉన్న పెన్సిల్వేనియా భాగమే తీసుకుని, అందులో రెడ్ లయన్, మడీ క్రీక్ ఫోర్క్స్, డెల్టా అనే మూడు చోట్లను చూపండి. యార్క్‌ను కట్టవద్దు, అక్కడ ఈ మార్గం పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌తోనూ వెస్టర్న్ మేరీలాండ్‌తోనూ వ్యాగన్లు మార్చుకునేది, అంత పెద్ద వ్యవహారం మీ గదిలో పట్టదు. దాని బదులు 5 అడుగుల చెక్క మీద నాలుగు లైన్లు పక్కపక్కన వేసి, ఆ చెక్కను టేబుల్ సొరుగులకు వాడే ఛానళ్ళ మీద అమర్చండి. దాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే ఏ లైను కావాలంటే ఆ లైను ప్రధాన మార్గానికి ఎదురుగా వస్తుంది, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్ల ఖర్చు మిగులుతుంది.

వంపుల విషయంలో నిజాన్ని కొలతగా తీసుకోవడం కుదరదు. అసలు రైల్వేలో 300 అడుగుల వ్యాసార్ధమంటే చాలా పదునైన వంపు. అదే హెచ్‌ఓలో 41 అంగుళాలవుతుంది. మీ గది మూలల్లో 24 అంగుళాలు పెట్టుకోండి. 40 అడుగుల బాక్స్ వ్యాగన్ నమూనాలో 140 మిల్లీమీటర్లే కాబట్టి హాయిగా తిరుగుతుంది. ఆ కంపెనీ వాడిన 4-6-0, 2-8-0 తరహా (ముందు, మధ్య, వెనుక చక్రాల లెక్క) ఆవిరి ఇంజన్లకు కూడా ఇబ్బంది ఉండదు. మూల మీద ప్లాట్‌ఫారాన్ని మాత్రం పెట్టకండి, పొడవైన పెట్టెల మధ్యభాగం లోపలికి వచ్చి అంచుకు తగులుతుంది.

సంవత్సరం గురించి నా సలహా 1959. అప్పటికి మేరీలాండ్ వైపు మార్గం లేదు కాబట్టి, మీ లేఅవుట్ డెల్టాలో ముగిసినా చరిత్రకు అడ్డం రాదు.

జవాబు (బిట్రగుంట నుంచి)

నేను బిట్రగుంట యార్డులో షంటింగ్ పనిలో, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి బండ్లు కట్టే పనిలో, చాలాకాలం ఉండి పదవీ విరమణ చేసినవాడిని. పై మిత్రుడి సలహాలో చాలా భాగంతో ఏకీభవిస్తాను, కానీ మూడు స్టేషన్లు వద్దు.

ఒక ఇంజను, ఐదు వ్యాగన్లు, చివర గార్డు పెట్టె కలిపి మీ బండి 115 సెంటీమీటర్ల వరకు వస్తుంది. రెండు స్టేషన్ల మధ్య దూరం బండి పొడవుకంటే ఎక్కువ లేకపోతే, తోక ఒక ఊరిలో ఉండగానే ఇంజను ఇంకో ఊరిలో ప్రవేశిస్తుంది, ప్రయాణం జరిగినట్టే అనిపించదు. రెడ్ లయన్‌ను తీసివేసి, ఆ ఊరి ఫర్నిచర్, చుట్టల కార్ఖానాల సరుకును జరిగే చెక్క మీది యార్క్‌లోనే లెక్క కట్టుకోండి. అప్పుడు మొదటి పొడవాటి గోడ మీద చెక్క తరువాత మూలతో కలిపి సుమారు 3 మీటర్లు వట్టి అడవి, వాగు మిగులుతాయి. పొట్టి గోడ మీద మడీ క్రీక్ ఫోర్క్స్ వస్తుంది, రెండో మూల దాటి మూడడుగుల ఖాళీ తరువాత డెల్టా మొదలవుతుంది.

ఇక పని గురించి. చిన్న మార్గంలో అందమంతా గూడ్స్ బండి ఒక్కో ఊరిలో ఆగి వ్యాగన్లు వదిలి, నిండినవి తీసుకుని పోవడంలో ఉంటుంది. అందుకని ప్రతి సైడింగ్‌నూ, అంటే ప్రధాన మార్గం నుంచి చీలి వ్యాగన్లు నిలిపే పక్క లైనునూ, గీసే ముందు దాని పాయింటు ఏ వైపుకు తెరుచుకుంటుందో ఆలోచించండి. బండి సైడింగ్‌ను దాటి ముందుకు పోయి, వెనక్కు నెట్టి వ్యాగన్‌ను లోపల పెట్టగలిగితే అది తేలిక పని. అలా కాకుండా పాయింటు బండికి ఎదురుగా తెరుచుకుంటే, ఇంజను ముందుగా సైడింగ్‌లోకి వెళ్ళి తానే ఇరుక్కుపోతుంది. వ్యాగన్ తన వెనుక ఉంటుంది. అప్పుడు లూప్ లైనులో, అంటే రెండు కొసలా ప్రధాన మార్గంతో కలిసే పక్క లైనులో, ఇంజనును విడదీసి, బండిని చుట్టి అవతలి కొసకు తెచ్చి, అక్కడి నుంచి నెట్టాలి. లేదా ఆ వ్యాగన్‌ను ముందుకు తీసుకుపోయి, తిరుగు ప్రయాణంలో పెట్టాలి. మేము యార్డులో రోజూ చేసిన ఆలోచన ఇదే.

మడీ క్రీక్ ఫోర్క్స్‌లో ఒక్క లూప్, రెండు సైడింగ్‌లు చాలు. ఒకటి పిండిమరకు, యార్క్ నుంచి వచ్చే బండికి తేలికగా ఉండేలా; రెండోది బొగ్గుకు, దానికి వ్యతిరేక దిశలో. లూప్‌లో ఐదు వ్యాగన్లు, గార్డు పెట్టె పట్టడానికి 90 సెంటీమీటర్లు, రెండు కొసల పాయింట్లకు ఒక్కోదానికి 9 నుంచి 12 అంగుళాలు వేసుకుంటే పొట్టి గోడ మీది తిన్నని భాగంలోనే సరిపోతుంది. ఆ ఊరి అంగడిలోనే పోస్టాఫీసు, స్టేషన్ కూడా ఉండేవి. కాబట్టి ఒకే భవనం కట్టినా మీకు మూడు పనులు తీరతాయి.

1959తో మాత్రం నేను ఒప్పుకోను. 1950 అయితే ఆవిరి, డీజిల్ రెండూ ఉంటాయి. పెట్రోల్ ఇంజనుతో కరెంటు పుట్టించుకుని నడిచే మోటారు పెట్టె టపాను, ప్రయాణికులను మోస్తుంటుంది. టపాను వదులుకుని ఇంత మార్గాన్ని ఎందుకు కట్టాలి?

మళ్ళీ ప్రశ్నించినవారు (మార్కాపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెడ్ లయన్‌ను వదులుకోవడం కష్టంగానే ఉన్నా, 3 మీటర్ల అడవి అనే మాట నన్ను ఒప్పించింది. 1950నే తీసుకుంటాను. అయితే అప్పుడు మార్గం డెల్టా దాటి బాల్టిమోర్ దాకా ఉండాలి కదా. డెల్టా చివర ఒక రోడ్డు వంతెన కింద నుంచి పట్టాను పోనిచ్చి, తలుపు గోడ వైపున్న అల్మరా వెనుక ఒక బండి పట్టేంత దాచవచ్చా? ఇంకో సంగతి: ఇక్కడ పలకల కార్ఖానాల వెనుక ముక్కలు, పొడి గుట్టలుగా పడి ఉంటాయి. డెల్టా గనుల దగ్గరి రాతి గుట్టలకు అవే వాడాలని నా ఆలోచన. డెల్టా పలక నీలం కలిసిన నలుపు రంగులో ఉంటుందంటారు, అలాంటి ముక్కలు ఇక్కడా ఏరుకోవచ్చు.

జవాబు (ఒంగోలు నుంచి)

దాచడం మంచి ఉపాయమే. దాచిన చోట పట్టా తప్పిన బండిని చేత్తో తీయగలిగేలా పై మూత ఊడి వచ్చేటట్టు పెట్టండి.

పలకముక్కల గురించి మనస్ఫూర్తిగా ఒక హెచ్చరిక చేయాలి. పలకరాతి దుమ్ములో సిలికా ఉంటుంది, ఆ దుమ్ము పీల్చిన పనివారికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. గదిలో మూసుకుని పొడి ముక్కలను సుత్తితో కొట్టవద్దు. ఆరుబయట, నీళ్ళలో తడిపి, మంచి మాస్కు పెట్టుకుని కొట్టండి. జల్లెడ పట్టి, కడిగి, ఆరబెట్టిన తరువాతే లోపలికి తీసుకెళ్ళండి. హెచ్‌ఓలో అడుగంటే మూడున్నర మిల్లీమీటర్లు. పలకరాయి పొరలుగా విడుతుంది కాబట్టి, వేలిగోరంత రేకు అక్కడ రెండు మూడడుగుల రాతిబండలా కనబడుతుంది. అంతకంటే పెద్ద ముక్కలు వేస్తే గుట్ట కొండరాళ్ళ కుప్పలా మారి కొలత చెడుతుంది. వేసే ముందు ఒక అయస్కాంతాన్ని దాని మీద తిప్పి చూడండి. అంటుకునే రేణువులుంటే అవి ఇంజను మోటారులోకి చేరతాయి. గుట్టలను పల్చటి ఫెవికాల్ నీళ్ళతో బాగా బిగించండి, వదులు పొడిని పట్టాల పక్కన ఉంచకండి.

ఎండ విషయానికి వస్తే, నికెల్ సిల్వర్ పట్టా మీటరుకు ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరులో దాదాపు అరవయ్యో వంతు సాగుతుంది. 20 డిగ్రీల నుంచి 42కు ఎక్కితే 11 మీటర్ల మార్గం మొత్తం మీద నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. జాయింట్లన్నీ సోల్డరింగ్ చేసేస్తే ఆ పెరుగుదలకు చోటు లేక పట్టా పక్కకు ఉబుకుతుంది. మేలో పట్టాలు వేస్తే జాయింట్లు దగ్గరగా ఉన్నా ఫరవాలేదు. జనవరిలో వేస్తే జాయింటు జాయింటుకూ పోస్టుకార్డు మందం సందు వదలండి, కరెంటు కోసం ప్రతి పట్టా ముక్కకూ విడిగా తీగ కలపండి. పట్టాకంటే చెక్కతోనే ఎక్కువ బాధ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తుపాను గాలుల్లో ప్లైవుడ్ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఏప్రిల్‌లో ముడుచుకుంటుంది. నీటిని తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్ తెచ్చి, కోసిన అంచులతో సహా అన్ని వైపులా వార్నిష్ పూయండి. అంచులను మరిచిపోతే మిగతా పూత అంతా వృథా. చెదల భయం ఉంది కాబట్టి కాళ్ళకు కర్ర వద్దు, ఇనుప స్లాటెడ్ యాంగిల్ వాడండి.

అమెరికా నుంచి తెప్పించే పవర్ ప్యాకులు చాలావరకు 120 వోల్టులకు చేసినవి. అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే తప్ప మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి. ఇక్కడే దొరికే మంచి 12 వోల్టుల సప్లైతో, ఒక్క ఇంజనుతో మొదలుపెట్టండి. ఒకే పట్టా మీద ఇంజన్లను విడివిడిగా నడిపించే డిజిటల్ పద్ధతి, అంటే డీసీసీ, అవసరం రెండో ఇంజను వచ్చాక చూసుకోవచ్చు.

జవాబు (నెల్లూరు నుంచి)

1950కి నేనూ ఒప్పుకుంటున్నాను, దాచిన లైనుతో నా అభ్యంతరం తీరిపోయింది. పాయింట్లు పరదేశం నుంచి రావాలి కాబట్టి, ఆర్డరు పెట్టకముందే మేడ మీద ముగ్గుపిండితో గదిని అసలు కొలతకు గీసి, పాయింట్ల కాగితపు నకళ్ళను వాటి స్థానాల్లో పరిచి చూడండి. కంపెనీలు ఆ నకళ్ళను తమ వెబ్‌సైట్లలో ఇస్తాయి. కాగితం మీద సరిపోయిన డెల్టా నేల మీద సరిపోకపోవచ్చు. ముఖ్యంగా రెండో మూల దగ్గర వంపు ముగిసిన వెంటనే పాయింటు రాకుండా, మధ్యలో ఒక పొడవాటి పెట్టె పట్టేంత తిన్నని పట్టా ఉండాలి.

జవాబు (బిట్రగుంట నుంచి)

ఆ ముగ్గు మీదే ఒక రోజు పని కూడా నడిపి చూడమంటాను. అట్టముక్కలను 140 మిల్లీమీటర్ల పొడవున కోసి వ్యాగన్లు అనుకోండి. యార్క్ నుంచి మడీ క్రీక్ ఫోర్క్స్ బొగ్గుకు ఒకటి, పిండిమరకు ఖాళీది ఒకటి, డెల్టా గనికి ఖాళీవి రెండు, డెల్టా అంగళ్ళకు సరుకుతో ఒకటి పెట్టి బండి కట్టండి. దారిలో మోటారు పెట్టె టపాతో ఎదురువస్తుంది, దానికి లూప్ ఖాళీగా ఉండాలి. అంటే అప్పుడు మీ గూడ్స్ బండి లూప్‌లో షంటింగ్ చేస్తూ ఉండకూడదు. ఆ చిక్కు ఎక్కడ పడుతుందో అక్కడే మీకు ఇంకో చిన్న సైడింగ్ అవసరమో కాదో తెలుస్తుంది. నా అంచనాలో మడీ క్రీక్ ఫోర్క్స్‌లో అవసరం పడదు, డెల్టాలో పడుతుంది: గని నుంచి నిండి వచ్చిన రెండు వ్యాగన్లను ఖాళీవి లోపలికి వెళ్ళేదాకా ఎక్కడో ఒకచోట నిలపాలి కదా. రెండు వ్యాగన్లు, ఒక ఇంజను పట్టే 55 సెంటీమీటర్ల పట్టాను అక్కడ ముందే గీసుకోండి.