బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) శాండీ కోఫాక్స్ 30 ఏళ్లకే ఆట మానేయడం సరైనదేనా?

డాలస్_నాన్న
మావాడు పిల్లల బేస్‌బాల్ పోటీ అయిన లిటిల్ లీగ్‌లో పిచింగ్ చేస్తాడు. మోచేయి నొప్పి అంటున్నాడు. కోఫాక్స్ 1966లో 27 ఆటలు గెలిచి, 1.73 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన సగటు పరుగులు, తక్కువైతే మేలు) సీజన్ ముగించి, నవంబర్‌లోనే మానేశాడు. ఇంకో రెండేళ్లు లాగలేడా? కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) ఏ వయసులో నేర్పాలో కూడా చెప్పండి.

పాత_బౌలర్
లాగడమా? మోచేతిలో ఆర్థరైటిస్ అండీ. కార్టిజోన్ సూదులు, ఒళ్లు మండే లేపనం, ఆట అవగానే ఐసునీళ్లలో చెయ్యి. నేను యూనివర్సిటీకి ఫాస్ట్ బౌలింగ్ చేసి మోచెయ్యి పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ చేత్తో చొక్కా పైగుండీ పెట్టుకోలేను.

స్కోర్‌బుక్
కోఫాక్స్ చెయ్యి అరగదీసింది జట్టే. 1965లో 335కి పైగా ఇన్నింగ్స్, 27 పూర్తి ఆటలు (మొదటినుంచి చివరిదాకా తనే విసిరినవి). సీజన్ చివరి టైటిల్ పోరు వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట రెండ్రోజుల విశ్రాంతితోనే వేయించారు.

స్పాన్_అభిమాని
అప్పట్లో అందరూ అంతే. అప్పటి పిచర్ వారెన్ స్పాన్ 382 పూర్తి ఆటలు వేసి 44 ఏళ్లదాకా ఆడాడు. పనెక్కువై చెయ్యి పోయిందనడం తప్పు.

స్కోర్‌బుక్
ఒకరి చెయ్యి చూసి ఇంకొకరికి జాతకం చెప్పకండి! కోఫాక్స్ 1965లో 382 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు. ఆ వేగం స్పాన్‌ది కాదు.

స్పాన్_అభిమాని
పదిహేనేళ్లుగా పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. నాకు నేర్పొద్దు.

బే_ఏరియా_పద్మ
గొడవ ఆపండి. నాకు ఆయనంటే గౌరవం వేరే కారణానికి. ఆ సిరీస్ మొదటి ఆట యూదుల పర్వదినం యోమ్ కిప్పుర్ రోజు పడిందని, యూదుడైన ఆయన దిగలేదు. బదులుగా జట్టులో ఇంకో పిచర్ డ్రైస్‌డేల్ వేస్తే 8-2తో ఓడారు. సంక్రాంతికి సెలవు అడగడానికి నేను రెండేళ్లు జంకాను. ఆయన సంగతి చదివాకే అడిగాను.

స్కోర్‌బుక్
1965 సెప్టెంబర్ 9 కోఫాక్స్ పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) ఎవరూ తలవరేం? ఎదుటి జట్టు కబ్స్ పిచర్ హెండ్లీ కూడా ఒక్క హిట్టే ఇచ్చాడు. పరుగు ఆ హిట్‌తో రాలేదు. కోఫాక్స్ జట్టులోని లూ జాన్సన్ వాక్‌తో (నాలుగు చెడ్డ బంతులకు దక్కే ఉచిత బేస్) బేస్ చేరి, తోటివాడి బంట్‌తో (బంతిని మెల్లగా తట్టడం) రెండోదానికి వెళ్లి, మూడోది దొంగిలించాడు (ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరాడు). అతన్ని ఆపాలని కబ్స్ క్యాచర్ విసిరిన బంతి ఎవరికీ అందక పోయి పరుగు వచ్చింది. 1-0. హెండ్లీని తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

పాత_బౌలర్
1960 దాకా కోఫాక్స్ లెక్క 36 గెలుపులు, 40 ఓటములు. 1961లో తన జట్టు క్యాచర్ నార్మ్ షెర్రీ 'అంత బలంగా విసరకు' అన్నాకే దారిలో పడ్డాడు. మీవాడికీ అదే చెప్పండి.

డాలస్_నాన్న
ఇవాళ డాక్టర్‌కి చూపించాం. ఆరు వారాలు బంతి ముట్టొద్దన్నారు. వాడు గ్లవ్ పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. కర్వ్‌బాల్ సంగతి ఎవరైనా చెప్పండి.