బుప్రెనార్ఫినా, మెథడోనా: ప్రాణానికి ఏది తక్కువ ముప్పు?

మారతహళ్లి_వాసి:
మా బావమరిదికి బెంగళూరులోనే డీఅడిక్షన్ చికిత్స మొదలవుతోంది. వాడేది టపెంటడాల్ (మత్తిచ్చే నొప్పి మందు) మాత్రలు, అప్పుడప్పుడు హెరాయిన్. డాక్టరుగారు బుప్రెనార్ఫిన్-నలాక్సోన్ (హెరాయిన్ లాంటి వాటికి బదులుగా ఇచ్చే మందు, మత్తును తిప్పికొట్టే మందు కలిసిన మాత్ర) రాశారు. చెన్నైలో ఉన్న చుట్టాలేమో అలా బదులుగా ఇచ్చే మరో మందు మెథడోనే మంచిదంటున్నారు. ఏది క్షేమం? టీబీ మందులు కూడా నడుస్తున్నాయి.

జయనగర్_ఫార్మసీ:
ఊపిరి ఆగే ప్రమాదం ఒక్కటే చూస్తే బుప్రెనార్ఫినే మేలండి. డోసు పెంచినా ఒక హద్దు దాటాక అది శ్వాసను ఇంకా అణచదు. అయితే ఆ ధీమా అదొక్కటే వాడినప్పుడే. ఆల్ప్రజోలామో (ఆందోళన తగ్గించే మత్తు మాత్ర) మద్యమో తోడైతే ఆ లెక్క చెల్లదు.

మెథడోన్‌కి ఆ హద్దు లేదు. ఒంట్లో ఒక రోజుకు పైనే నిలుస్తుంది కాబట్టి, అదే డోసు ఇస్తున్నా నాలుగైదు రోజులు రక్తంలో పేరుకుంటూ పోతుంది. మొదటి రెండు వారాలే గండం. అందుకే 20-30 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ‘చాలట్లేదు’ అని రెండో రోజే పెంచమని అడగొద్దు. ఈసీజీ కూడా తీయాలి: అందులో క్యూటీ (గుండె ఒక్కో కొట్టుకోవడంలో విద్యుత్ చర్యకి పట్టే సమయం) 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ తప్పే భయం.

టీబీ మాట చెప్పడం మంచిదైంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ రెండు మందుల్నీ కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. డోసు సరిగ్గానే వాడుతున్నా విత్‌డ్రాయల్ (మందు చాలక వచ్చే బాధలు) వస్తుంది, ఇంట్లోవాళ్లు ‘మళ్లీ మొదలెట్టాడు’ అనుకుంటారు. అసలు ప్రమాదం కోర్సు అయ్యాక: రిఫాంపిసిన్ ఆపిన రెండు వారాల్లో ఆ ప్రభావం పోతుంది, పెంచి ఉంచిన మెథడోన్ ఎక్కువైపోతుంది. కోర్సు ముగిసే తేదీ ఇద్దరు డాక్టర్లకీ తెలియాలి.

వార్డు_నర్సు:
బుప్రెనార్ఫిన్‌తో తలనొప్పంతా మొదటి మాత్రే. హెరాయిన్ ఆపి కనీసం 12 గంటలు, నిదానంగా విడుదలయ్యే టపెంటడాల్ అయితే 24 గంటలు ఆగాలి. గడియారం కన్నా మనిషిలో విత్‌డ్రాయల్ లక్షణాలు చూడండి: ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కనుపాపలు పెద్దవవడం. ఇవి రాకముందే ఇస్తే గంటలోపే వాంతులు, విరేచనాలు. ‘నాకు పడదు’ అని చాలామంది మళ్లీ రారు.

మాత్ర నాలుక కిందే కరగాలి, మింగితే దండగ. నోరు ముందు నీళ్లతో తడుపుకుంటే 5-10 నిమిషాల్లో కరుగుతుంది, ఈలోగా మాట్లాడొద్దు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, బ్రష్ మాత్రం గంట తర్వాతే. లేకపోతే పళ్లు పుచ్చుతాయి.

అన్నానగర్_ఓఎస్‌టీ:
మెథడోన్‌ని మరీ భూతంలా చూపొద్దండీ. మధ్యలో చికిత్స మానేసేవాళ్లు దాంతోనే తక్కువ. మానేస్తే తట్టుకునే శక్తి పడిపోయి, పాత మోతాదే ప్రాణం తీస్తుంది. మత్తును అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందుతోనూ అదే భయం, పైగా అది మొదలుపెట్టాలంటే 7-10 రోజులు ఏ ఓపియాయిడ్ (హెరాయిన్, టపెంటడాల్ లాంటివి) తాకకూడదు. కానీ మన దేశంలో మెథడోన్ ఇచ్చే కేంద్రాలు కొన్నే, సిరప్ వాళ్ల కళ్లెదుటే తాగాలి. రోజూ వెళ్లగలరా అనేది ముందు తేల్చుకోండి. మీకు రాసింది సబబే.

మారతహళ్లి_వాసి:
సరేనండి. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, ఏం జాగ్రత్త పడాలి?

జయనగర్_ఫార్మసీ:
తాళం పెట్టిన డబ్బాలోనే ఉంచాలి. పిల్లలకి బుప్రెనార్ఫిన్ ఒక్క మాత్ర కూడా ప్రమాదమే. పాపైనా ఆయనైనా గురకతో మత్తుగా పడి, పెదాలు నీలంగా మారి, లేపినా లేవకపోతే వెంటనే 108. నలాక్సోన్ ఇంజెక్షన్‌తో తేరుకున్నా అది 30-90 నిమిషాలే పనిచేస్తుంది. అసలు మందు ఒంట్లో ఇంకా ఉంటుంది, లేచి కూర్చున్నారని ఇంటికి తెచ్చేయకండి.