సమస్యాపూరణం: మూగవాని మాట మోత మోగె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందున్న మూడు పాదాలూ మీరు పూరించాలి.

మూగవాని మాట మోత మోగె

మూగవాడికి మాట ఎక్కడిది? ఆ చిక్కు సినిమా సంభాషణతోనే విప్పాలి. పాత్ర పట్టుదల, ఎదగాలన్న కసి పద్యంలో కనబడాలి.

పూరణ 1

తిట్లు తిన్న నోరు తెరువలే దన్నాళ్ళు
మెట్లు కడిగె దినము మెడను వంచి
“ఇల్లు నాది” యనుచు నిట్లు మెల్లఁగఁ జెప్ప
మూగవాని మాట మోత మోగె

నిర్వాహకుడు: చాలా బాగుందండీ! “కొంటాను” అనకుండా “నాది” అనిపించారు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ఇల్లు అప్పుడే తనదైనట్టు మాట్లాడితే ప్రేక్షకుడు నిటారుగా కూర్చుంటాడు. పైగా అరవలేదు, మెల్లగా అన్నాడు. తొలిసగమంతా పాత్ర ఏమేం దిగమింగిందో చూసినవాళ్ళకు విరామం ముందు ఆ ఒక్క మాట చాలు. “ఇట్లు” మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) కోసం వచ్చి కూర్చుంది.

సభ్యురాలు: ఆ మెట్లు ఎవరి ఇంటివో చెప్పలేదు కదండీ?

నిర్వాహకుడు: మూడో పాదంలో “ఇల్లు” అనగానే తెలిసిపోతుందమ్మా. విడమరిస్తే పస తగ్గుతుంది.

పూరణ 2

తెరకు గొంతు లేదు, తిరిగెను బొమ్మలే
అక్షరాల పలక లాడె మాట
ముప్ప దొకట టాకి ముంగిట నిల్వఁగా
మూగవాని మాట మోత మోగె

నిర్వాహకుడు: సినిమానే మూగవాణ్ణి చేశారు, భలే విరుపు! మన దేశంలో తొలి టాకీ, అంటే మాటలున్న సినిమా, వచ్చింది 1931లోనే. అంతకు ముందు మాటల్లేని మూకీలలో అట్టల మీద రాసి చూపిన మాటలను “అక్షరాల పలకలు” అనడం ముచ్చటగా ఉంది. యతులూ గణాలూ సరే. కానీ పంతం పట్టిన పాత్ర ఏదీ? చరిత్ర చెప్పారు, మనిషిని వదిలేశారు.

పూరణ 3లో మూడో పాదం:

గెలిచి తీరుదు ననె నెల్లరి యెదుటను

సభ్యుడు: “గె”కు “నె” యతి చెల్లదు. ఇలా మార్చి చూడండి:

గెలిచి తీరుదు ననె గేలి సేసిన చోట

నిర్వాహకుడు: యతి కుదిరింది, సన్నివేశమూ దొరికింది. అందరి ఎదుట చేసే శపథాలు తెరమీద కోకొల్లలు. తనను చూసి నవ్విన చోటికే తిరిగివచ్చి అన్నాడంటే అతడి పంతం వేరు. పూరణకర్త గారూ, ఈ పాదానికి తగ్గట్టు మొదటి రెండు పాదాల్లో ఆ గేలి ఏమిటో చూపించి మళ్ళీ పంపండి.