అమ్మోనియా ఆవిరి తగిలిన తలను ఎలా శుభ్రం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు):
మా వదిన ఇక్కడికి దగ్గరలోని ఒక పాల శీతలీకరణ కేంద్రంలో పనిచేస్తోంది. ఈరోజు మధ్యాహ్నం అక్కడ పైపు జాయింటు దగ్గర అమ్మోనియా లీకైంది. ఆస్పత్రిలో కళ్లు కడిగించి, పరీక్షించి ఇంటికి పంపారు గానీ, జడ దగ్గరికి వెళ్తే ఇంకా ఘాటు వాసన వస్తోంది. ఒకరు కుంకుడు రసంతో రుద్దమంటున్నారు, ఒకరు కొబ్బరినూనె పెట్టమంటున్నారు, మా పెద్దమ్మ అయితే ఏకంగా కొండకు వెళ్లి గుండు చేయించుకోమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు (తిరుపతి, అత్యవసర విభాగంలో నర్సు):
దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు కనిపిస్తే తల సంగతి పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు.

అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి ఇక్కడ నీళ్లే మందు. జడ పూర్తిగా విప్పి, పాయలు పాయలుగా విడదీసి, తలను వెనక్కి వాల్చి, నీళ్లు కళ్లలోకీ నోట్లోకీ రాకుండా గోరువెచ్చని నీటిని ధారగా పోయండి. తర్వాత మామూలు షాంపూతో, గోళ్లతో గీరకుండా, వేళ్ల కొసలతో కడిగి మళ్లీ ధారాళంగా నీళ్లు పోయాలి. పొడి తువాలుతో ఒత్తి తుడవడం కూడా శుద్ధిలో భాగమే. కుంకుడు రసం కళ్లలో పడితే మామూలు రోజుల్లోనే భరించలేం, ఎర్రబడిన కళ్లకు అసలే వద్దు. గుండు అవసరం లేదు. కత్తి గాట్లు పడిన చర్మంలోంచి రసాయనం లోపలికి తేలికగా పోతుంది. మొక్కు ఉంటే తీరిగ్గా తీర్చుకోవచ్చు.

జవాబు (కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్):
నర్సుగారు చెప్పినదానికి నూనె సంగతి కలుపుతాను. 2020 ఆగస్టులో మన పూతలపట్టు మండలంలోని పాల డెయిరీలో లీకైంది అమ్మోనియా. అదే ఏడాది మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైంది స్టైరీన్, అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ రసాయనం. స్టైరీన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అలాంటి ఆవిరిని నూనె రాసిన జుట్టు పట్టుకుని వదలదు కాబట్టి అక్కడ షాంపూ తప్పనిసరి. ఏ ఆవిరైనా సరే, కడగకముందు నూనె రాయకూడదు. నిమ్మరసం, వెనిగర్ పోసి అమ్మోనియాను విరిచేద్దామనే వాళ్లు మా దగ్గరా ఉన్నారు. ఆమ్లం, క్షారం కలిస్తే వేడి పుట్టి చర్మం ఇంకా మండుతుంది.

జడలోని పూలు, రబ్బరు బ్యాండు, తలకు కట్టుకున్న గుడ్డ తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా మూతి కట్టండి. తలకు మళ్లీ గుడ్డ చుడితే ఆవిరి లోపలే నిలిచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. జడ విప్పితే రబ్బరు బ్యాండు దగ్గరే వాసన ఎక్కువగా ఉంది. రాత్రికి పాప ఆమె పక్కనే పడుకోవచ్చా?

జవాబు (నర్సు):
కడిగి, బాగా ఆరి, వాసన పోయాక పడుకోవచ్చు. అప్పటివరకు పాపను వేరే గదిలో ఉంచి, కిటికీలు తెరవండి. తల కడిగేవాళ్లు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. ఈలోగా ఆమె తలవాల్చి ఉంటే ఆ దిండు గలేబును కూడా విడిగా ఉతకండి.